మెదడుకు ఏ వేళ ఏ మేత?

మన పత్రికలలో చిక్కుప్రశ్నల పేజీకి చాలాకాలంగా ఒక పేరు వాడుకలో ఉంది: మెదడుకు మేత. ఎవరు పెట్టారో గాని చక్కని పేరు. అయితే పశువులను సాకే రైతును అడిగి చూడండి. మేత అంటే ఏదో ఒకటి ముందు పడవేయడం కాదని చెబుతాడు. ఈనిన ఆవుకు పెట్టేది ఒకటి, పొద్దంతా దుక్కి దున్ని వచ్చిన ఎద్దుకు పెట్టేది ఒకటి, జబ్బుపడి లేచిన దూడకు పెట్టేది మరొకటి. మేత మంచిదైతే చాలదు, ఆ పూటకు తగినదై ఉండాలి. మెదడు విషయంలో మాత్రం మనం ఈ సంగతి మరచిపోతున్నాం.

బడిలో నేను తరచుగా చూసే విషయం ఒకటి చెబుతాను. ఖాళీ పీరియడులో నల్లబల్ల మీద ఒక చిక్కుప్రశ్న వేస్తే కొందరు వెంటనే విప్పేస్తారు. మరికొందరు కాసేపు తంటాలు పడి, కాగితం మడిచేసి, "నాకంత బుర్ర లేదు మాస్టారూ" అంటారు. అలా అన్న విద్యార్థే ఇంకో రోజు, ఇంకో రకం ప్రశ్నను అవలీలగా విప్పుతాడు. ఈలోగా బుర్ర మారలేదు. ప్రశ్న మారింది, ఆనాటి మనసు మారింది. కాని "నాకు బుర్ర లేదు" అన్న మాట ఒకసారి మనసులో నాటుకుంటే అది చిక్కుప్రశ్నతో ఆగదు. లెక్కల పుస్తకం దాకా, సైన్సు పుస్తకం దాకా పాకుతుంది. అందుకే ఇంత చిన్న విషయం మీద వ్యాసం వ్రాయవలసి వస్తున్నది.

నా అభిప్రాయం ఇది. చిక్కుప్రశ్న పరీక్ష కాదు. పరీక్షలో ప్రశ్న మనలను ఎంచుకుంటుంది. ఇక్కడ ప్రశ్నను మనం ఎంచుకోవచ్చు. ఆ ఎంపిక మన మనఃస్థితిని బట్టి జరగాలి.

మూడు రకాల ముడులు

చిక్కుప్రశ్నలను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు: మాటలవి, అంకెలవి, బొమ్మలవి.

మాటల ముడులలో మనకు తరతరాలుగా వస్తున్నవి పొడుపు కథలు. బయటి నుంచి వచ్చి మనదైపోయినది గళ్ళ నుడికట్టు. ఆర్థర్ విన్ అనే ఆయన కూర్చిన మొదటి నుడికట్టు 1913 డిసెంబరు 21న అమెరికాలోని న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వెలువడింది. ఇంగ్లీషులో ఒక గడిలో ఉండేది ఒంటి అక్షరమే. తెలుగులో అయితే గుణింతంతో, ఒత్తుతో కూడిన నిండు అక్షరం ఒక గడిలో కూర్చుంటుంది. అందుచేత తెలుగు నుడికట్టును కూర్చేవారికి శ్రమ ఎక్కువ. నింపేవారికి మాత్రం ఒక్క అక్షరం దొరికినా గట్టి ఆధారం దొరికినట్లే.

అంకెల ముడులలో బాగా పాతది మాయాచదరం. 1 నుంచి 9 వరకు అంకెలను తొమ్మిది గళ్ళలో, ఎటు కూడినా 15 వచ్చేటట్లు అమర్చాలి. దీనిని ఊహ మీద నింపనక్కరలేదు. మధ్య గడి గుండా నాలుగు వరుసలు పోతాయి: ఒకటి నిలువు, ఒకటి అడ్డం, రెండు మూల నుంచి మూలకు. ఆ నాలుగింటి మొత్తం 60. అందులో చుట్టూ ఉన్న గళ్ళు ఒక్కొక్కసారే వస్తాయి, మధ్య గడి మాత్రం నాలుగుసార్లు వస్తుంది. 1 నుంచి 9 వరకు కూడితే 45. కాబట్టి మిగిలిన 15, మధ్య అంకె మూడుసార్లు అదనంగా లెక్కకు రావడం వల్ల వచ్చినదే. అంటే మధ్యలో 5 తప్ప మరొకటి ఉండడానికి వీలులేదు! పదహారు గళ్ళలో ఎటు కూడినా 34 వచ్చే మాయాచదరం ఒకటి ఖజురాహోలోని పార్శ్వనాథ ఆలయంలో చెక్కి ఉన్నది. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో చెక్కిన ఒక బొమ్మలోనూ మొత్తం 34 వచ్చే చదరమే కనిపిస్తుంది. ఆ బొమ్మలో రెక్కలున్న స్త్రీ ఒకతె చెంపకు చేయి ఆనించుకుని దిగులుగా కూర్చుని ఉంటుంది. బొమ్మ పేరు మెలెంకోలియా, అనగా విచారం. మాయాచదరం ఆమె తలకు పైగా, గోడ మీద ఉంటుంది.

ఇక బొమ్మల ముడులు. మన వాకిట్లో చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు చూడండి. చేయి ఎత్తకుండా, గీసిన గీత మీద మళ్ళీ గీయకుండా ఒక బొమ్మను పూర్తి చేయగలమా? ఇదే ప్రశ్నను కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనల విషయంలో లియొనార్డ్ ఆయిలర్ 1736లో పరిష్కరించాడు. ఏ వంతెననూ రెండోసారి దాటకుండా ఏడింటినీ దాటి రాగలమా అన్నది అక్కడి చిక్కు. రాలేమని ఆయన నిరూపించాడు. ఆ నిరూపణ నుంచి మనకు దొరికిన సూత్రం చాలా సులువు. విడిపోకుండా కలిసి ఉన్న బొమ్మలో ప్రతి మూల దగ్గరా ఎన్ని గీతలు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. బేసి సంఖ్యలో గీతలు కలిసే మూలలు అసలు లేకపోయినా, సరిగ్గా రెండే ఉన్నా ఆ బొమ్మను ఒకే గీతతో గీయవచ్చు. అంతకు మించి ఉంటే గీయలేము.

ఈ విభజనలో ఒక జాగ్రత్త అవసరం. పైకి కనబడేదానిని బట్టి రకం నిర్ణయించకూడదు. సుడోకు సంగతే తీసుకోండి. 1979లో హోవర్డ్ గార్న్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు కూర్చిన ఈ ఆటకు 1984లో జపానులో ఇప్పటి పేరు వచ్చింది. దాని నిండా అంకెలే, కాని కూడిక గాని తీసివేత గాని ఒక్కటీ లేదు. 1 నుంచి 9 వరకు అంకెలు తీసివేసి, క మొదలు ఝ వరకు తొమ్మిది అక్షరాలు వేసుకున్నా ఆట మారదు. మన పూర్వులు కటపయాది పద్ధతిలో ఈ తొమ్మిది అక్షరాలనే 1 నుంచి 9 వరకు అంకెలకు గుర్తులుగా వాడారు. కాబట్టి లెక్కలంటే భయపడే పిల్లలు సుడోకును చూసి పారిపోనక్కరలేదు. అందులో ఉన్నది లెక్క కాదు, తర్కం.

మనసులోని రెండు బల్లలు

ఒకే మనిషికి ఒక వేళ మాటల ముడి సులువుగా, మరొక వేళ అదే కష్టంగా ఎందుకు తోస్తుంది? దీనికి కొంత సమాధానం మనస్తత్వ శాస్త్రంలో దొరుకుతుంది. 1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు, మనం ఆలోచిస్తున్నంతసేపు విషయాలను పట్టి ఉంచే జ్ఞాపకశక్తి అంతా ఒకే ముద్ద కాదని ప్రతిపాదించారు. వడ్రంగి పని చేసుకునే బల్లతో పోల్చి చెప్పాలంటే, మన మనసులో ఇలాంటి బల్లలు రెండు ఉన్నాయి. ఒకదాని మీద మాటలను, ధ్వనులను పెట్టుకుంటాం. రెండవదాని మీద రూపాలను, స్థానాలను పెట్టుకుంటాం. ఈ రెండింటినీ కనిపెట్టి చూసే మేస్త్రి వంటిది మరొకటి పైన ఉంటుంది. రెండు బల్లలూ చిన్నవే. ఒకదాని మీద ఒక పని పరచి ఉంటే అదే బల్ల మీద రెండవ పనికి చోటు చాలదు.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చు. "అ ఆ ఇ ఈ, అ ఆ ఇ ఈ" అని ఆగకుండా పైకి అంటూ, స్నేహితుడు కాగితం మీద వ్రాసి చూపిన ఏడు మాటలను వరుస తప్పకుండా గుర్తుంచుకోవడానికి ప్రయత్నించండి. చాలా కష్టమవుతుంది. ఇప్పుడు అదే విధంగా "అ ఆ ఇ ఈ" అంటూనే, కళ్ళు మూసుకుని, ఇంటి నుంచి బడికి వచ్చే దారిని తలచుకోండి. కుడికి తిరిగే మలుపు దగ్గర కుడి చేయి, ఎడమకు తిరిగే చోట ఎడమ చేయి ఎత్తండి. ఇది అంత కష్టం కాదు. నోటి పని మాటల బల్లను ఆక్రమించింది; రూపాల బల్ల ఖాళీగానే ఉంది.

చింత, కోపం, భయం కూడా ఇలాగే బల్లలను ఆక్రమిస్తాయి. ఇంట్లో తిన్న చీవాట్లు చెవిలో మారుమ్రోగుతున్నప్పుడు నుడికట్టు ముందు కూర్చున్న పిల్లవాడికి మాట తట్టకపోతే అది బుర్ర తక్కువై కాదు. బల్ల మీద చోటు లేక.

ఏ మనసుకు ఏ ముడి?

మనసు కలతగా ఉన్నప్పుడు అడుగడుగూ ఖాయంగా తెలిసే ముడి మేలని నా సలహా. మెరుపులాంటి ఆలోచన వస్తేగాని విడిపోని ముడి అప్పుడు పనికిరాదు. దీనికి నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన డి. ఆర్. కప్రేకర్ 1949లో ప్రకటించిన విషయమిది. నాలుగు అంకెల సంఖ్యను ఒకదానిని తీసుకోండి. నాలుగూ ఒకే అంె కాకూడదు సుమా! అంకెలను పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి అమర్చి, పెద్ద సంఖ్య నుంచి చిన్నదానిని తీసివేయండి. వచ్చిన దానితో మళ్ళీ అదే చేయండి. ఉదాహరణకు 1974 తీసుకుంటే,

9741 − 1479 = 8262
8622 − 2268 = 6354
6543 − 3456 = 3087
8730 − 0378 = 8352
8532 − 2358 = 6174

6174తో మళ్ళీ చేసినా 7641 − 1467 = 6174. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లకు మించకుండా 6174కు చేరుకుంటాం. చేయవలసినది ప్రతి మెట్టులోనూ ఒకే తీసివేత. దారి తప్పే భయం లేదు. గమ్యం ఉన్నదని ముందే తెలుసు. చెదిరిన మనసును చేయి పట్టి నడిపించడానికి ఇటువంటిది సరిపోతుంది.

చూసిన దృశ్యమేదో కళ్ళముందు పదే పదే మెదులుతూ బాధపెడుతున్నప్పుడు సంగతి వేరు. అక్కడ ఆక్రమణకు గురైనది రూపాల బల్ల. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎమిలీ హోమ్స్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో, కొందరికి ప్రమాదాల దృశ్యాలున్న ఫిల్ము చూపించారు. అరగంట గడిచాక వారిలో కొందరిచేత టెట్రిస్ ఆడించారు. పైనుంచి జారే ముక్కలను ఇటూ అటూ తిప్పి ఖాళీలలో అమర్చే కంప్యూటర్ ఆట అది. ఆ తరువాతి వారం రోజులలో, ఆట ఆడినవారికి ఆ దృశ్యాలు వాటంతట అవి గుర్తుకు రావడం తక్కువగా ఉన్నది. 2010లో వారే మాటల క్విజ్‌తో పోల్చి చూడగా, క్విజ్‌కు ఆ గుణం కనబడలేదు. చూశారా, రకం ముఖ్యమే! అయితే ఇది ఫిల్ము చూసినవారి మీద చేసిన ప్రయోగమని మరువకండి. నిజ జీవితంలో పెద్ద దెబ్బ తగిలినవారికి చిక్కుప్రశ్న మందు కాదు. దానిని పెద్దలతో చెప్పుకోవాలి, అవసరమైతే వైద్యుని వద్దకు వెళ్ళాలి.

మనసు ఉల్లాసంగా ఉన్నప్పుడు? అప్పుడు తిరకాసు ముడులు పట్టండి. జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కార్ల్ డంకర్ కల్పించిన ప్రశ్న ఒకటి ప్రసిద్ధమైనది. బల్ల మీద ఒక కొవ్వొత్తి, ఒక అగ్గిపెట్టె, అట్టపెట్టె నిండా గుండుసూదుల వంటి మేకులు ఉన్నాయి. మైనం కింద బల్ల మీద పడకుండా కొవ్వొత్తిని గోడకు నిలబెట్టి వెలిగించాలి. చాలామంది కొవ్వొత్తినే మేకులతో గోడకు కొట్టబోతారు. మేకులను కుమ్మరించి, ఖాళీ పెట్టెను గోడకు బిగించి, దాని మీద కొవ్వొత్తి నిలబెడితే సరిపోతుంది. పెట్టె మేకులు పెట్టుకునేందుకే అన్న భావన అడ్డం వస్తుంది. 1987లో ఆలిస్ ఐసెన్, ఆమె సహచరులు ప్రచురించిన ప్రయోగంలో, కొన్ని నిమిషాల హాస్య చిత్రం చూసి నవ్వుకున్నవారిలో ఎక్కువమంది ఈ ముడిని విప్పగలిగారు. నవ్విన మనసు వస్తువును నాలుగు వైపులా తిప్పి చూస్తుంది కాబోలు.

ఒంటరిగా తోచినప్పుడు పొడుపు కథను మించినది లేదు. నుడికట్టుకు, సుడోకుకు ఒక్కరు చాలు. పొడుపుకు పొడిచేవారు ఒకరు, విప్పేవారు ఒకరు ఉండి తీరాలి. అమ్మమ్మ దగ్గరకో, తాతయ్య దగ్గరకో వెళ్ళి ఒకటి పొడవమనండి. పదింటికి తక్కువ కాకుండా వస్తాయి.

పందెం పెడితే ఏమవుతుంది?

చిక్కుప్రశ్న అనగానే గడియారం ముందు పెట్టి, మొదట విప్పినవాడికి బహుమతి ఇవ్వడం మన బళ్ళలో అలవాటు. దీని మీద నాకు అభ్యంతరం ఉంది. 1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు డంకర్ కొవ్వొత్తి ప్రశ్ననే రెండు జట్లకు ఇచ్చాడు. త్వరగా విప్పినవారికి డబ్బు ఇస్తానని ఒక జట్టుకు చెప్పాడు. రెండవ జట్టుకు ఆ ఆశ చూపలేదు. డబ్బు ఆశ ఉన్నవారికే ఎక్కువ సమయం పట్టింది! మేకులను ముందే పెట్టెలో నుంచి తీసి పక్కన ఉంచి, ప్రశ్నను సులువు చేసినప్పుడు మాత్రం డబ్బు ఆశ ఉన్నవారే ముందు ముగించారు. అనగా, దారి తెలిసిన పనిలో పందెం కాళ్ళను పరుగెత్తిస్తుంది. దారి వెతుక్కోవలసిన పనిలో అదే పందెం కళ్ళకు గంతలు కడుతుంది. నేటి పిల్లలకు దారి తెలిసిన పనుల పరుగులు ఎలాగూ ఎక్కువే. చిక్కుప్రశ్నలనైనా గడియారం నుంచి విడిచిపెట్టమని తోటి ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను కోరుతున్నాను.

"పరీక్ష హాలులో మీ మనసెలా ఉందని ఎవరు అడుగుతారు?" అని కొందరు పెద్దలు నన్ను ప్రశ్నించవచ్చు. నిజమే, అడగరు. అందుకే అడిగే అవకాశం ఉన్న చోట, అంటే ఆటలో, తన మనసును తాను గుర్తించడం పిల్లలు నేర్చుకోవాలి. కలతగా ఉన్నానని తెలిసినవాడు హాలులో సులువైన ప్రశ్నతో మొదలుపెడతాడు. తెలియనివాడు కష్టమైన దానితో తలపడి, గంట కొట్టాక ఏడుస్తాడు.

మీకు కూడా ఒక హెచ్చరిక. "ఈవేళ నా మనసు బాగా లేదు" అని రోజూ సులువైనవే పట్టుకుంటే అది ఎంపిక కాదు, సోమరితనం. మనసు నిమ్మళంగా ఉండి, తీరిక ఉన్న ఆదివారం నాడు మీకు చేతకాని రకాన్నే ఒకటి పట్టుకుని గంటసేపు కూర్చోండి. విడిపోకపోయినా నష్టం లేదు.

ఇంకొక మాట. చిక్కుప్రశ్నలు విప్పితే మొత్తం తెలివి అమాంతం పెరుగుతుందని చెప్పేవారిని నమ్మకండి. మాకు బి.ఇడి.లో చెప్పిన పాఠమిది: 1901లోనే థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే శాస్త్రజ్ఞులు దీర్ఘచతురస్రాల వైశాల్యాన్ని చూపుతో అంచనా వేయడంలో కొందరికి శిక్షణ ఇచ్చారు. వారు అందులో ఆరితేరారు గాని, వేరే ఆకారాలు చూపగానే ఆ నేర్పు అంతగా అక్కరకు రాలేదు. సుడోకు వలన ముఖ్యంగా వచ్చేది సుడోకు నేర్పే. మరి ఎందుకు విప్పడం? ఆనందం కోసం, పట్టుదల కోసం, అన్నిటికన్నా మించి మన మనసు నడత మనకు తెలియడం కోసం.

మీరే పరిశోధకులు

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. చిక్కుప్రశ్న పట్టిన ప్రతిసారీ తేదీ, ఆ వేళకు మనసు ఎలా ఉన్నదో ఒక్క మాటలో, ప్రశ్న రకం, విడిపోయినదా లేదా, చివరకు మనసు ఎలా ఉన్నదో వ్రాయండి. మనసు సంగతి మొదలుపెట్టక ముందే వ్రాయడం ముఖ్యం. విప్పాక వ్రాస్తే గెలుపోటములు కలిసిపోతాయి. నెల తరువాత చదివి చూడండి. నేను పైన చెప్పిన సలహాలు మీ విషయంలో తప్పని తేలవచ్చు. అలా తేలితే మీ నోటు పుస్తకాన్నే నమ్మండి, నన్ను కాదు. సైన్సు పద్ధతి అంటే అదే.

మొదలుపెట్టడానికి మూడు ముడులు ఇస్తున్నాను.

ఒకటి: మూడక్షరాల మాట. ముందు నుంచి చదివితే చిన్నప్పుడు మీరు అక్షరాలు దిద్దినది. వెనుక నుంచి చదివితే వడ్రంగికి కావలసినది.

రెండు: కప్రేకర్ పద్ధతినే మూడంకెల సంఖ్యలతో చేయండి. అన్నీ వచ్చి ఆగే సంఖ్య ఏది?

మూడు: ఒక దీర్ఘచతురస్రం గీసి, లోపల రెండు కర్ణాలూ గీయండి. దీనిని చేయి ఎత్తకుండా గీయగలరా? పై అంచు మీద త్రిభుజపు కప్పు ఒకటి చేర్చితే గీయగలరా? గీయగలిగితే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబులు వెతికే ముందు ఒక్క క్షణం ఆగండి. ఈ మూడింటిలో మీకు మొదట ఏది పట్టుకోబుద్ధి అయినదో గమనించి నోటు పుస్తకంలో వ్రాయండి. మీ మనసు ఈవేళ ఎలా ఉన్నదో చెప్పే మొదటి ఆధారం అదే.